నడుము శిక్షణలో ప్రథమ మండలం

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉన్న ఒకానొక మండలంలో ప్రజాస్వామ్యానికి పెద్ద ముప్పు వచ్చిపడింది. మండలం పేరు చెప్పడం లేదు. చెబితే చుట్టుపక్కల మండలాలవాళ్ళు మాకేం తక్కువైందని నొచ్చుకుంటారు. ముప్పు మాత్రం జిల్లా కేంద్రం నుంచి ఉత్తర్వు రూపంలో వచ్చింది. ఇకమీదట మండల సమావేశ మందిరంలోకి గెలిచిన మహిళలే స్వయంగా రావాలట. వాళ్ళ మొగుళ్ళు, మరుదులు, బావలు బయటే ఉండాలట. లోపల ఎవరి మాట వాళ్ళే మాట్లాడుకోవాలట.

ఇలాంటివి రాసేవాళ్ళు ముందూ వెనకా చూసుకుంటారా? ఆ మండలంలో సర్పంచుల్లో సగానికి పైగా ఆడవాళ్ళు. గెలిచిన నాటినుంచి వాళ్ళకు ఏ కష్టమూ కలగకుండా మొగుళ్ళే అన్నీ చూసుకుంటున్నారు. మెడలో దండలు వేయించుకునేది వాళ్ళే, కుర్చీలో కూర్చునేది వాళ్ళే, రిబ్బను కత్తిరించేది వాళ్ళే. సర్పంచమ్మ చేయవలసిందల్లా ఇంటికి వచ్చినవాళ్ళకు టీ పెట్టడం. ఇంత సాఫీగా నడుస్తున్న వ్యవస్థలో ఆడవాళ్ళను మాట్లాడమనడం ఎంత దారుణమో చదువుకున్న మీకు నేను చెప్పాలా?

కొర్రలదిన్నె సర్పంచి ఉరుకుందమ్మ. ఆ పని చేసేది ఆమె మొగుడు మారెప్ప. పంచాయతీ ముద్ర మారెప్ప చొక్కా జేబులో ఉంటుంది. ఉతికినా వదలని ముద్రసిరా మరక ఒకటి ఆ జేబు మీద ఉంటుంది. ఊళ్ళో కొత్త చొక్కాలు తొడుక్కునేవాళ్ళంతా ఆ మరకను చూసి కాస్త కుళ్ళుకుంటారు.

గెలవకముందు ఉరుకుందమ్మ పత్తి తీతకు కూలీలను పిలుచుకుపోయే మేస్త్రి. తెల్లవారకముందే వీధి మొగదల నిలబడి "లేయండమ్మో, ఆటో వచ్చె" అని ఒక్క కేక వేస్తే ఆ ఊరివాళ్ళే కాదు, పక్క ఊళ్ళో ఇంకెవరికో పనికి పోవలసిన కూలీలు కూడా లేచి కూర్చునేవారు. చేలో ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్నవాళ్ళను పేరు పెట్టి తిట్టగలిగిన గొంతు ఆమెది. రిజర్వేషను వచ్చినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు ఓటేసింది మారెప్ప మొహం చూసి కాదు, ఆ గొంతు విని. ఎందుకంటే కొర్రలదిన్నెలో కుళాయిలు ఉన్నాయి గానీ వాటిలో నీళ్ళు రావు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఊరి బయట ఒక ఆసామి బోరు దగ్గరికి పోతారు. ఆసామికి ఆ పూట మనసు బాగుంటే నీళ్ళు, బాగా లేకపోతే చీవాట్లు.

"పైపు తెస్తాను. తెచ్చేదాకా అరుస్తానే ఉంటా," అని ఉరుకుందమ్మ ఓట్లప్పుడు మాట ఇచ్చింది. గెలిచాక మొదటి రెండు మండల సమావేశాల్లో మారెప్ప పక్కన కూర్చునే, అతను మోచేత్తో పొడుస్తున్నా లెక్కచేయక, లేచి అరిచింది. అరుపు భరించలేక పైపు మంజూరు చేశారు. పైపులు లారీలో వచ్చి రోడ్డు పక్కన పడ్డాయి కూడా.

అవి అక్కడ పడి ఉండగా గోవిందన్న కంట్లో పడ్డాయి. గోవిందన్న అంటే మండలాధ్యక్షురాలు సుభద్రమ్మ మొగుడు, అనగా మండలాధ్యక్షుడు. ఎమ్మిగనూరు రోడ్డులో ఆయనకు ఇళ్ళ స్థలాలు అమ్మే వెంచరు ఒకటి ఉంది. నాలుగు రంగుల జెండాలు, ఒక పెద్ద కమాను, కమాను మీద రెండు సిమెంటు ఏనుగులు, లోపల వరసగా పాతిన తెల్లరాళ్ళు. మనుషులు మాత్రం ఇంకా రాలేదు. మనుషులు రావాలంటే ముందు నీళ్ళు రావాలని గోవిందన్న వాదన. అందువల్ల కొర్రలదిన్నె పైపును వెంచరు వైపు తిప్పితే అభివృద్ధి వేగంగా జరుగుతుందని ఆయనకు తోచింది. తిప్పడానికి మండల సమావేశంలో తీర్మానం చాలు. సంబంధిత సర్పంచికి అభ్యంతరం ఉంటే లేచి నోటితో చెప్పాలి. చెప్పకపోతే అభ్యంతరం లేదని రాసుకుంటారు. మారెప్పకు రోడ్డు మొగదల ప్లాటు ఒకటి ఇస్తానని గోవిందన్న అప్పటికే అన్నాడు. అతనికి అభ్యంతరం లేదు. కానీ ఉత్తర్వు పుణ్యమా అని ఇప్పుడు లోపల ఉండేది మారెప్ప కాదు, ఆ గొంతు.

ఈ దిగులుతో మారెప్ప ఒకరోజు ఆదోని యార్డుకు పత్తి తీసుకుపోయాడు. కాటా దగ్గర తన వంతు రావడానికి ఇంకా సమయం పడుతుందని, బజార్లో టీ తాగుతూ ఫోను చూస్తూ కూర్చున్నాడు. ఫోనులో ఒక పిల్ల కనబడింది. పైన మనిషి ఉంది, కింద మనిషి ఉంది, మధ్యలో ఏమీ లేదు. నడుమును ఇలా మాయం చేయడాన్ని నడుము శిక్షణ అంటారని ఆ పిల్లే చెప్పింది. కార్సెట్ అనే బిగుతు కవచాన్ని పొద్దంతా కట్టుకుని, రోజురోజుకూ తాళ్ళు ఇంకాస్త బిగిస్తూ పోతే నడుము బుద్ధి తెచ్చుకుని లోపలికి పోతుందట. పూర్వం దొరసానులు ఇది కట్టుకుని, మాటిమాటికీ మూర్ఛపోయి, విసుగొచ్చి వదిలేశారు. మంచి వస్తువు వృథా కాకూడదని ఇప్పుడు అందరూ మళ్ళీ మొదలుపెట్టారు. మారెప్పకు పెళ్ళాం నడుము గుర్తొచ్చింది. ముగ్గురు పిల్లల్ని కని, ఇన్నేళ్ళు పత్తి మూటలు మోసిన నడుము ఒక ప్రజాప్రతినిధికి తగినట్టు లేదని అప్పుడే అతనికి తెలిసింది. మారెప్ప కడుపు ప్రస్తావన ఇక్కడ అనవసరం. నిలబడితే అతని చెప్పులు అతనికి కనబడవు, నిజమే. కానీ అది మగవాడి కడుపు, దానికి శిక్షణ అక్కరలేదు.

టీ అంగడికి ఎదురుగానే ఫర్జానా దుకాణం. గాజులు, రిబ్బన్లు, జాకెట్టు కుట్లు ఆమె వ్యాపారం. గాజు తలుపు లోపల బొమ్మకు ఒక కార్సెట్ తొడిగి పెట్టింది.

"ఇది బెల్టు కాదన్నా, ట్రైనింగ్," అంది ఫర్జానా. "నడుముకి స్కూలు అనుకో."

"ఎన్నాళ్ళకు పాసయితాదమ్మా?"

"అది ఏసుకునేటోళ్ళ సేతిలో లేదన్నా, కట్టేటోళ్ళ సేతిలో ఉంది. ఎనకాల తాళ్ళు సూడు. దినమూ ఇంత, ఇంత లాగల్ల. తమకు తాము కట్టుకునేకి రాదు, ఇప్పుకునేకీ రాదు."

ఆఖరి మాట మారెప్పకు బాగా నచ్చింది. వెంటనే ఒకటి పొట్లం కట్టించుకున్నాడు.

మరునాడు పొద్దున ఉరుకుందమ్మ జాకెట్టు మీద కార్సెట్ తొడిగి, పైన చీర కప్పుకునేలోగా మారెప్ప ఆమె వీపుకు మోకాలు ఆనించి తాళ్ళు లాగాడు. లాగినకొద్దీ లోపలి ప్లాస్టిక్ పుల్లలు ఒంగిపోయాయి. దొరసానుల దేశం వస్తువు కొర్రలదిన్నె నడుముకు ఆగలేదు. మారెప్ప పట్టు వదలని మనిషి. దాన్ని మళ్ళీ ఆదోనికి పట్టుకుపోయాడు. ఆ ఊళ్ళో పత్తిని బేళ్ళుగా నొక్కి, చుట్టూ ఇనుప పట్టీలు బిగించి పంపించే ప్రెస్సులు ఉన్నాయి. అక్కడ పారేసిన పట్టీ ముక్కలు తెచ్చి ఫర్జానాకు ఇచ్చాడు. ఆమె వాటి అంచులు అరగదీయించి, ఎమ్మిగనూరు మగ్గం గుడ్డలో పెట్టి, చుట్టూ జరీ అంచు వేసి కుట్టింది. ఈసారి ఒంగలేదు. ఊళ్ళో దానికి బేలుకట్టు అని పేరు వచ్చింది. విదేశీ వస్తువును ఇంత త్వరగా స్వదేశీ చేసుకున్న చరిత్ర ఈ ప్రాంతానికి ఇంతకుముందు లేదు.

"ఊపిరాడల్లేదప్పా," అంది ఉరుకుందమ్మ.

"అలవాటయితాది. కొత్త చెప్పులు కరసల్లేదా?"

ఉన్నమాట చెప్పాలంటే ఉరుకుందమ్మకు అది కొంత నచ్చింది కూడా. అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంది. ఈడు మీద పడ్డాక ఎవరూ ఆమె నడుము వంక చూసింది లేదు, ఆమె కూడా చూసుకున్నది లేదు. వీధిలోకి పోతే ఆడవాళ్ళు ఆగి, చెయ్యి పెట్టి తడిమి, "మేస్త్రక్క ఎంత సన్నమయినాదో సూడండే" అన్నారు. ఆ మాటకు లోపల చల్లగా అనిపించింది. పక్కటెముకలు నొచ్చాయి గానీ, మెచ్చుకోలు ఉంటే నొప్పి అంతగా తెలియదు.

ఆ వారమే గ్రామసభ. నాగలింగమ్మ అనే ఆవిడ ముందుండి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చారు.

"అక్కా, పైపులు వచ్చి రోడ్డుమీద పడుండాయి. నీళ్ళు ఎప్పుడొస్తాయి?" అని నాగలింగమ్మ అడిగింది.

ఉరుకుందమ్మకు చెప్పవలసింది చాలా ఉంది. గుంతలు తవ్వడానికి ఎవరిని అడిగిందీ, ఇంజనీరు ఏమన్నదీ, తను మళ్ళీ ఎవరి మీద అరవబోతున్నదీ అంతా నాలుక చివర ఉంది. ఊపిరి పీల్చుకోబోతే అది గొంతు దగ్గరే ఆగిపోయింది.

"సూస్తాం," అంది. కాస్త ఆగి, "పోండి," అంది.

పంచాయతీ కార్యదర్శి ఉలిక్కిపడి తల ఎత్తాడు. అంత అచ్చమైన ప్రభుత్వ భాష అతను పెద్ద పెద్ద ఆఫీసుల్లోనే విన్నాడు. ఎన్నో ఏళ్ళు పదవిలో నలిగితే గానీ ఎవరికీ రాని మాటతీరు కొర్రలదిన్నె సర్పంచికి ఒక్క వారంలో పట్టుబడింది. ఆడవాళ్ళు వెనక్కి తిరిగి ఆసామి బోరు దారి పట్టారు. మారెప్ప గోడకు ఆనుకుని, తాను ఏం కనిపెట్టాడో నెమ్మదిగా తెలుసుకున్నాడు.

గొప్ప ఆవిష్కరణలు దాచిపెట్టుకునేవి కావు. ఆ వారాంతానికి మండలంలోని ప్రజాప్రతినిధుల భర్తలంతా ఒక ధాబాలో సమావేశమై సంఘంగా ఏర్పడ్డారు. గోవిందన్న అధ్యక్షుడు. ఆయన లేచి ఇలా ప్రసంగించాడు: "సోదరులారా, మనల్ని హాలు బయట నిలబెట్టినారు. మంచిది. చట్టాన్ని గౌరవించేటోళ్ళం మనం. లోపలికి మనం పోము. మనం కట్టిన ముడి పోతాది." చప్పట్లు చాలాసేపు మోగాయి. మరునాడు ఫర్జానా దుకాణం ముందు మోటారుసైకిళ్ళు వరసగా నిలబడ్డాయి. పెళ్ళాలకు గాజులు కొనడానికి ఎన్నడూ బజారుకు రాని మగవాళ్ళు జరీ అంచు ఏ రంగుదైతే బాగుంటుందో నిలబడి చర్చించుకున్నారు. ఆడవాళ్ళ పట్ల ఇంత శ్రద్ధ చూపిన మగవాళ్ళను ఫర్జానా తన సర్వీసులో చూడలేదు.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. తరువాతి మండల సమావేశం టీ చల్లారేలోగా ముగిసింది. రోడ్లు, పింఛన్లు, బడి వంటగది, పశువుల డాక్టరు, అన్నీ వరసగా చదివారు, అన్నీ ఆమోదం పొందాయి. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. సర్పంచమ్మలు పటాల్లో దేవతల్లా నిటారుగా కూర్చున్నారు. వంగితే పట్టీ పొడుస్తుంది కాబట్టి వెనక్కి ఆనుకోలేదు, ముందుకు వాలలేదు. ఒక మహిళా సర్పంచి మధ్యలో కళ్ళు తేలవేసి పక్కకు ఒరిగితే, ధ్యానంలో ఉన్నారని సభ్యులు ఆమె ఏకాగ్రతను గౌరవించి పలకరించలేదు. హుసేనమ్మ అనే అటెండరు తెచ్చిన సమోసాలు పళ్ళెంలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మింగడానికి లోపల చోటు లేదు. సమోసాల ఖర్చు తగ్గింపును పొదుపు చర్యగా నమోదు చేశారు.

సమయపాలనలో ఈ మండలం ప్రథమ స్థానంలో నిలిచిందని పైనుంచి ప్రశంస వచ్చింది. ఒక పెద్ద అధికారి స్వయంగా వచ్చి, "మహిళలు నడుము బిగించి ముందుకు రావాలని మేము ఎన్నో వేదికల మీద చెప్పాం. దాన్ని ఇంత నిజాయితీగా అమలు చేసినవారిని ఇక్కడే చూస్తున్నాను," అన్నాడు. ప్రజాప్రతినిధుల సామర్థ్యం పెంచే నిధులతో మూడు రోజుల నడుము శిక్షణ శిబిరం జరిగింది. మొదటి రోజు ముడి, రెండో రోజు మోకాలు ఆనించే పద్ధతి, మూడో రోజు ధ్రువపత్రాలు. శిక్షణ పొందినవారు భర్తలు. ఆదోనిలో ఒక డాక్టరమ్మ ఇది పక్కటెముకలకూ పేగులకూ మంచిది కాదని, ఊపిరితిత్తులు సగం కూడా నిండవని చెప్పింది. భర్తల సంఘం విచారించి ఆమె మామగారు అవతలి పార్టీవాడని తేల్చింది. దానితో ఆ వైద్య సమస్య పరిష్కారమైంది.

ఉరుకుందమ్మ ఒక్కతే రోజురోజుకూ దిగులు పడసాగింది. ఇంట్లో పిల్లల్ని పిలవాలన్నా పళ్ళెం మీద గరిటెతో కొట్టి పిలుస్తోంది. ఒక పొద్దున వీధి మొగదల నిలబడి, పాత అలవాటుగా కూలీలను పిలవబోయింది. నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. కూలీలు తమంతట తామే లేచి వచ్చి ఆటో ఎక్కి పోయారు. పోతూపోతూ ఒకామె, "ఏమక్కా, ఒంట్లో బాగలేదా?" అంది. బాగుందని చెప్పడానికీ ఊపిరి చాలలేదు. సాయంకాలం తాళ్ళు విప్పమని అడిగితే మారెప్ప విప్పుతాడు, పొద్దున మళ్ళీ కడతాడు. వద్దు అంటే, "ఊరంతా మెచ్చుకుంటాంటే నీకేమమ్మా నొప్పి?" అంటాడు. ఆ మెచ్చుకోలు తనకూ రుచించింది కదా అని ఆమె మీద ఆమెకే కోపం వచ్చేది.

అప్పుడు హుసేనమ్మ ఫోను చేసింది. ఆమె గతంలో ఉరుకుందమ్మ కింద పత్తి తీసిన మనిషే. "మేస్త్రక్కా, బేస్తవారం మీటింగులో మీ ఊరి పైపును వెంచరుకు తిప్పుతారంట. సార్లు అనుకుంటాంటే టీ ఇస్తా విన్న్యా. నువ్వు లేసి కాదంటే ఆగుతాది, లేకుంటే అయిపోతాదక్కా," అని చెప్పి పెట్టేసింది.

బేస్తవారం పొద్దున మారెప్ప ఎన్నడూ లేనంత శ్రద్ధగా వచ్చాడు. అరచేతులకు పౌడరు రాసుకున్నాడు.

"ఈపొద్దు నేను మీటింగులో మాట్లాడల్ల," అంది ఉరుకుందమ్మ.

"మాట్లాడు. ఎవురొద్దన్న్యారు?" అంటూ మారెప్ప మోకాలు ఆనించి తాళ్ళు లాగాడు. పట్టీలు కీచుమన్నాయి. "నీకు పూర్తిగా స్వతంత్రం ఉండాది." ఇంకోసారి లాగాడు. "రాజ్యాంగం ఇచ్చిండాది." ముడి వేశాడు. ముడి మీద ముడి వేశాడు.

మండల సమావేశ మందిరంలో సర్పంచమ్మలు వరసల్లో కూర్చున్నారు. ఉత్తర్వును తూచా తప్పకుండా పాటించి మొగుళ్ళు కిటికీల బయట నిలబడ్డారు. వేదిక మీద అధ్యక్షురాలు సుభద్రమ్మ. ఆమె ముడి గోవిందన్న వేసింది కాబట్టి అందరికన్నా నిటారుగా ఉంది. ఆమె వెనక గోడ మీద స్వాతంత్ర్యం తెచ్చిన మహనీయుల పటాలు ఉన్నాయి. అంశాలు ఒక్కొక్కటీ ఆమోదం పొందుతూ వచ్చాయి. మండల అధికారి గొంతు సవరించుకుని, కొర్రలదిన్నె మంచినీటి పైపును విశాల ప్రజా ప్రయోజనాల దృష్ట్యా ఎమ్మిగనూరు రోడ్డు వైపునకు మళ్ళించే అంశం చదివాడు. విశాల ప్రజలు అంటే ఆ తెల్లరాళ్ళు అన్నమాట.

ఉరుకుందమ్మ లేచింది. కిటికీల దగ్గర మొగుళ్ళు ఊపిరి బిగపట్టారు. వాళ్ళకు బిగపట్టడానికైనా ఊపిరి ఉంది.

"మా ఊరి..." అంది ఆమె. అంతటితో అయిపోయింది. మళ్ళీ పీల్చింది. "మా..." అంది. కళ్ళ ముందు నల్లగా అయింది. ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

"చెప్పండమ్మా, సంకోచం వద్దు. మహిళల గొంతు వినడానికే కదా ఈ ప్రభుత్వం ఉన్నది," అన్నాడు అధికారి వాచీ చూసుకుంటూ. "అభ్యంతరం లేదంటారా?"

ఉరుకుందమ్మ చెయ్యి వెనక్కి పెట్టి ముడి వెతికింది. అందింది గానీ వేలు దూరలేదు. కింద గీకింది, పైన గీకింది. కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. నీళ్ళ కోసం వచ్చి నీళ్ళు కార్చుకుంటున్నానని ఆమెకు ఒళ్ళు మండింది. వెనక వరసలో పక్క ఊరి సర్పంచి ఇందు కూర్చుని ఉంది. చిన్నపిల్ల, పెళ్ళైన ఏడాదే గెలిచింది, గెలిచిన ఏడాదే బిగించారు. ఉరుకుందమ్మ వెనక్కి అడుగు వేసి, పైట పక్కకు తీసి, వీపు ఆ పిల్ల మొహానికి ఎదురుగా పెట్టింది. నోట మాట రాకపోయినా అది చాలా స్పష్టమైన మాట.

ఇందు కిటికీ వంక చూసింది. కిటికీలో మొగుడు వేలు ఊపి వద్దంటున్నాడు. ఆ పిల్ల తల వంచి, ముడిని పళ్ళతో పట్టి లాగింది.

తాడు సర్రున జారింది. ఉరుకుందమ్మ లోపలికి పీల్చిన ఊపిరి శబ్దం కిటికీల దాకా వినిపించింది. మండిపోతున్న పక్కటెముకలు ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. ఆమె తన ముందు వరసలో ఉన్నావిడ వీపు మీదికి వంగి ఆమె ముడి విప్పింది. ఆమె తన ముందున్నామెది విప్పింది. ఎవరి ముడి వాళ్ళకు అందదు గానీ, ఎదుటివాళ్ళ ముడి అందరికీ అందుతుందని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. మొగుళ్ళు కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తున్నారు. లోపలికి రావడానికి లేదు, ఉత్తర్వు. ఆఖరి వరసలో ఉన్న ఇందు వెనక ఎవరూ లేరు. హుసేనమ్మ టీ పళ్ళెం కింద పెట్టి వచ్చి ఆమె ముడి విప్పింది. తరువాత వేదిక ఎక్కి సుభద్రమ్మ వెనక్కి పోయింది. అధ్యక్షురాలి వెనక అటెండరు నిలబడే ఆనవాయితీ ఎలాగూ ఉంది కాబట్టి అధికారి ఆక్షేపించలేకపోయాడు. ఇనుప పట్టీలు నేల మీద పడి గలగలమన్నాయి.

అప్పుడు ఉరుకుందమ్మ మాట్లాడింది. "మా ఊరి నీళ్ళు మా ఊరికే రావల్ల! రాళ్ళకు దప్పికైతాదా సామీ? బిందె పట్టుకోని పోయి ఆసామి తిట్లు తినేది మీ రాళ్ళా, మా ఆడోళ్ళా? అభ్యంతరం ఉండాది. రాసుకోండి. రాసుకుండేదాకా నేను కూర్చోను, మిమ్మల్నీ లేయనీయను!"

మైకు వాడలేదు. మందిరం బయట రోడ్డు మీద ఆగిన బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. అధికారి రాసుకున్నాడు. ఒకసారి రాసినదాన్ని చూపించమంటే ఎత్తి చూపించాడు కూడా. తరువాత ఇందు లేచింది. ఆ తరువాత ఇంకొకామె. పింఛన్లు, పశువుల డాక్టరు, బడి వంటగది, ఇన్ని నెలలుగా లోపల నొక్కిపెట్టినదంతా బయటికి వచ్చింది. సుభద్రమ్మ అధ్యక్ష హోదాలో సమోసాలు తెమ్మని ఆదేశించింది. ఆ మండల చరిత్రలో సమావేశం మొదటిసారి దీపాలు వెలిగించేదాకా జరిగింది, సమయపాలనలో ప్రథమ స్థానం పోయింది.

తరువాత జరిగినవి మామూలు విషయాలే. గుంతలు తవ్వారు, పైపులు పూడ్చారు. వెంచరులో రాళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఆరోజు ముడి కావాలనే వదులుగా వేశానని, పైపు రావడంలో తన త్యాగం కూడా ఉందని మారెప్ప అంగళ్ళలో చెప్పుకుంటున్నాడు. వింటున్నవాళ్ళు తల ఊపుతున్నారు. ఫర్జానా మిగిలిన సరుకు అడ్డంగా కత్తిరించి నడుం నొప్పి పట్టీలుగా మార్చింది. కొన్నది ఎక్కువగా మొగుళ్ళే. నెలల తరబడి మోకాలు ఆనించి లాగి లాగి వాళ్ళ నడుములు పట్టేశాయి.

కొర్రలదిన్నెలో నీళ్ళు వదిలిన పొద్దున ఊరంతా కుళాయి దగ్గర చేరింది. పసుపు కుంకుమలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కుళాయి ముందు కాసేపు గాలి ఊది, ఎర్రగా కక్కి, తరువాత తెల్లటి నీళ్ళు పోసింది. మొదటి బిందె నాగలింగమ్మది. ఉరుకుందమ్మ పక్కనే నిలబడింది. ఆమెకు ఏడుపూ నవ్వూ రెండూ వస్తున్నాయి. నాగలింగమ్మ నీళ్ళు పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకుని, సర్పంచమ్మను కిందినుంచి పైదాకా చూసింది.

"నీళ్ళు బాగుండాయక్కా. నీ పున్నెం," అంది. "కానీ సెప్పకూడదు గానీ, అప్పుడే బాగుంటివి నువ్వు, సన్నంగా. ఇప్పుడు మళ్ళీ ఒళ్ళు వచ్చేసె."

ఉరుకుందమ్మ నవ్వింది. నవ్వడం అలవాటు కాబట్టి.

నాగలింగమ్మ బిందె కొంచెం జరిపి, ఎవరూ వినకుండా దగ్గరికి వచ్చింది. "అక్కా, నీ బేలుకట్టు ఇంట్లో ఊరికే పడుంటాది కదా? మా కోడలికి ఇయ్యరాదా? నడుముకు కాదులే. ఆ పిల్లకు నోరు ఎక్కువ."

బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఉరుకుందమ్మ అలాగే నిలబడి నాగలింగమ్మను చూస్తోంది. తాళ్ళు లేవు, పట్టీలు లేవు, గుండెల నిండా ఊపిరి ఉంది. మాట మాత్రం ఒక్కటీ రాలేదు.